ఎడమకాలి బ్రేకు

పది గంటల నలభై నిమిషాలకు శివలీల ఓర్వకల్లు రాళ్ళగుట్టల మలుపు దగ్గర కారు దిగింది. సాయంత్రం నాలుగు గంటలకు మెకానిక్ ఉమామహేశ్‌ను హత్యానేరం మీద మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఒకసారి జైలుకు పోయాడంటే, ఇరవై తొమ్మిదేళ్ళ ఆ కుర్రాడి షెడ్డుకు ఇక ఎవరూ బండి తేరు. నిర్దోషి అని తర్వాత తేలినా సరే, తేరు. ఆ సంగతి శివలీలకు బాగా తెలుసు.

ఆమె ఇరవై ఆరేళ్ళు మోటారు వాహనాల శాఖలో పనిచేసింది. జనం ఆ ఉద్యోగాన్ని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటారు. ఉద్యోగం మానేసి ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు కట్టి మూడేళ్ళయినా కర్నూల్లో ఆమెను బ్రేకు మేడం అనే పిలుస్తారు. ఆమెకూ అదే ఇష్టం. మనుషులు అబద్ధం చెబుతారు గానీ బ్రేకులు చెప్పవని ఆమె నమ్మకం.

"అదే మేడం," అంది ఆమెను ఈ కేసుకు పిలిచిన హర్షిణి, వేలు చూపించి.

మలుపు కింద ఇరవై అడుగుల పల్లంలో, రెండు బండరాళ్ళ మధ్య ఇరుక్కుని ఉంది ఆ బుల్లెట్. డెబ్బై నాలుగు మోడలు. హర్షిణి తండ్రి నరసింహ దాని మీద దేశాన్ని మూడుసార్లు చుట్టి వచ్చాడు. నాలుగోసారి బయలుదేరబోయే ముందు వారం, ఇదే మలుపులో, ఇదే బండితో సహా పడి చనిపోయాడు. ఇరవై ఒక్క ఏళ్ళ కిందటి మాట అది. అప్పటి నుంచి పత్తికొండలో వాళ్ళ గోడౌన్లో, టమాటా బాక్సుల వెనక తుప్పు పట్టి పడివున్న బండిని హర్షిణి మొన్న ఫిబ్రవరిలో బయటికి తీసి ఉమామహేశ్‌కు ఇచ్చింది. ఎనిమిది నెలలు పట్టింది ప్రాణం పోయడానికి. పెద్ద ట్యాంకు, వెడల్పు సీటు, ముందు గాలి అద్దం, వెనక రెండు పక్కలా సామాన్ల పెట్టెలు. తండ్రి ఆగిపోయిన దారి తను పూర్తి చేయాలని ఆమె కోరిక. రేపు గురువారం పొద్దున ముహూర్తం.

నిన్న మంగళవారం సాయంత్రం ఆ బండి తనంతట తాను లేచి వచ్చినట్టు షెడ్డులోంచి మాయమై, ఇక్కడ రోజూలాగే రోడ్డు పక్కన నడకకు వచ్చిన కంబన్న అనే వ్యాపారిని గుద్ది చంపి, నూట నలభై అడుగుల దూరంలో ఈ పల్లంలో పడింది. నడిపినవాడు లేడు.

"ఎవురినీ ముట్టనీయొద్దన్నారు సీఐ సారు," అన్నాడు కాపలా కానిస్టేబుల్ ఆంజనేయ, గొడుగు కింద నుంచి లేస్తూ.

"ముట్టను లేప్పా. చూస్తే అరిగిపోదు గదా," అంది శివలీల, చీర కుచ్చిళ్ళు దోపుకొని పల్లంలోకి దిగుతూ.

అంతకు ముందే రోడ్డు చూసి వచ్చింది. కంబన్న పడిన చోట చక్రం గీత ఒక్క బెత్తెడు కూడా పక్కకు తొలగలేదు. తారు దిగి, మట్టి అంచు మీదుగా తిన్నగా మనిషి మీదికే పోయింది. అది ప్రమాదం కాదు. ఆ విషయంలో సీఐ జయరాజ్ చెప్పింది నిజమే. ఆ తర్వాత మలుపు దాకా ఎక్కడా వెనక చక్రం ఈడ్చిన గుర్తు లేదు. నడిపినవాడు మలుపు దగ్గర వెనక బ్రేకు పట్టనేలేదు.

బండి ఎడమ పక్క పైకి లేచి ఉంది. ఎడమ గేరు రాడ్డు కిందికి వంగింది. రాయికి తగిలి లోపలికి వంగడం వేరు, కాలితో బలంగా తొక్కితే కిందికి వంగడం వేరు. రాడ్డు చివర రబ్బరు మీద పూసిన పసుపు కుంకుమ మొత్తం చెరిగిపోయి, బూటు అడుగు గాట్లు పడి ఉన్నాయి. శివలీల టార్చి వేసుకొని, నడుం వంచి, రాళ్ళ సందులోంచి కుడి పక్కకు చూసింది.

కుడి పక్క బ్రేకు పెడలు మీద పసుపు చెక్కుచెదరలేదు. దాని నడుమ రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు, పెట్టినది పెట్టినట్టే ఉంది.

ఆమె టార్చి వెలుగును ఆ బొట్టు మీదే నిలిపింది. ఒక మనిషిని చంపి, ఇంత పల్లంలోకి దూకిన బండి మీద ఆ బొట్టు ఒక్కటే నిన్నటి పూజలోనే మిగిలిపోయింది.

"హర్షిణీ, గేరు ఎడమ పక్కకు మార్పించింది నువ్వే గదా?"

"ఔను మేడం. నాన్న బండికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండేది. పాత బుల్లెట్లన్నీ అంతే గదా. నాకు అలవాటు ల్యా. ఇప్పటి బండ్ల మాదిరి గేరు ఎడమకు, బ్రేకు కుడికి మార్చమన్నా. గేర్ల వరస మాత్రం పాతదే ఉంచినాడు. ఒకటి పైకి, మూడు కిందికి."

"మార్చినట్టు ఎవురికి తెలుసు?"

"నాకు, ఉమామహేశ్‌కు. అంతే."

"మీ అమ్మకు?"

"అమ్మ ఆ బండి పేరెత్తితేనే లోపలికి పోతుంది మేడం. వారం నుంచి ఇంకా అదోమాదిరి ఉండాది. పొద్దుగూకేటప్పుడు గేటు కాడికి పోయి నిలబడుకుంటుంది. ఏమ్మా అంటే, ఏం ల్యా, చప్పుడైనట్టుండాది అంటుంది. బండేమో ఆడ షెడ్డులో, ఇంజను విప్పి బల్ల మీద ఉండె."

శివలీల తలెత్తి చూసింది. ఆ పిల్ల మామూలుగానే చెబుతోంది గానీ చేతులు మాత్రం చున్నీ కొసను మెలిపెడుతున్నాయి.

పల్లం చివర ఇసుక మీద అడుగులు కనిపించాయి. కుడి అడుగు నిండుగా పడింది, ఎడమది ఈడ్చుకుంటూ పోయింది. గుట్ట చుట్టూ తిరిగి తారు రోడ్డు ఎక్కాక అవి లేవు.

*

పదకొండూ యాభైకి ఇద్దరూ నంద్యాల రోడ్డు మీద ఉమామహేశ్ షెడ్డు ముందు ఆగారు. షెడ్డుకు పోలీసు తాళం. ఎదురుగా బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు అమ్మే గిడ్డమ్మ బండి. నిన్నటి సాక్షి ఆమె ఒక్కతే. పోలీసులు ఆమెను అడిగింది ఒకే ప్రశ్న: బండి బయటికి పోవడం చూసినావా, లేదా? చూసినా అంది. రాసుకొని పోయారు.

శివలీల రెండు ప్లేట్లు ఉగ్గాని బజ్జీ చెప్పింది. అడగాల్సినవాళ్ళు అడిగే పద్ధతిలో అడిగితే గిడ్డమ్మ పురాణమే చెబుతుందని బాణలి తిప్పే తీరులోనే తెలిసిపోతోంది.

"టైమెంతమ్మా అప్పుడు?"

"నేను రెండో వాయి మిరపకాయలు నూనెలో ఏస్తాండా. అంటే కాలేజీ బస్సు పోయినంక. ఆరుకు పది నిమిషాలు తక్కువుండొచ్చు."

"ఉమామహేశ్?"

"ఆ పిల్లోడు నంబరు ప్లేటు తెస్తానని అంతకు ముందే పాయె. తలుపు దగ్గరేసి పోయినాడు. తాళం ఏంటికి, ఎదురుగా నేను ల్యా?" అని గిడ్డమ్మ ఒక్క క్షణం గరిటె ఆపింది. "నేనుండీ ఏం జేసినా. చూస్తా నిలబడితి."

"వచ్చినోడు ఎట్లుండె?"

"ముసలోడే. మూతికి తువ్వాల, కండ్లకు పెద్ద అద్దాలు. సొంత ఇంట్లోకి పోయినట్టు పోయినాడు. అందుకే నేనూ గమ్మునుంటి, పిల్లోడే పంపిచ్చినాడేమో అని. చక్రాల కింద పూజ నిమ్మకాయలు ఉండె. ఎవురైనా బండి ముందుకు తోసి వాటిని తొక్కిచ్చి గదా తీస్తారు? ఆయప్ప వొంగి రెండు కాయలూ ఏరి జేబులో ఏసుకున్యాడు."

"తర్వాత?"

"బండిని తన తుంటికి ఆనించుకొని ఇట్ల వంచినాడు. ఎడమ పక్కకు. పండుకున్న బిడ్డను లేపేటప్పుడు వంచుతాం సూడు, అట్ల. మళ్ళ దాని తలకాయ కాడికి వొంగి చెవిలో ఏందో చెప్పినాడమ్మా."

"చెప్పినాడా? వినపడిందా?"

"వినపడల్యా. శానాసేపు వొంగే ఉండె. అప్పుడు తన్నినాడు. ఒక్క తన్ను. లేసింది బండి! ఆ పిల్లోడు దినామూ పది తన్నులు తన్నితే గానీ లేసేది కాదు, సెమటలు కారేవి పాపం."

ప్లేటు పట్టుకున్న హర్షిణి చేయి ఆగిపోయింది.

"చెవిలో కాదు," అంది నెమ్మదిగా. "లైటు పైన ముల్లు ఉంటుంది మేడం, కరెంటు చూపేది. ఎడమచేతి దగ్గరి చిన్న లివరు నొక్కి, కిక్కు నిదానంగా కిందికి తోస్తే ఆ ముల్లు నడిమికి వస్తుంది. అప్పుడు తన్నల్ల. అది అందరికీ తెలుసు. కానీ ఈ బండిని ముందు ఎడమ పక్కకు వంచితేనే పెట్రోలు దిగుతుంది. ఆ సంగతి ఉమామహేశ్‌కు చెప్పనేలేదు నేను. నాకే గుర్తు ల్యా. ఈమె చెప్తాంటే ఇప్పుడు గుర్తొచ్చాంది. నేను చిన్నప్పుడు గడప మీద కూర్చొని..."

గిడ్డమ్మ మాత్రం తన ధోరణిలో తాను చెబుతూనే ఉంది.

"పోయేటప్పుడు హారన్ కొట్టినాడమ్మా, రెండు సార్లు. రోడ్డు మీద కుక్క గూడ అడ్డం ల్యా. ఎవురికి కొట్టినాడో ఏమో!"

హర్షిణి ప్లేటు బల్ల మీద పెట్టేసింది. "నాన్న ఇంట్లోంచి పోయేటప్పుడు, వచ్చేటప్పుడు రెండుసార్లు కొట్టేవాడు. అమ్మకు తెలియాలని."

శివలీలకు ఆ పిల్లను దగ్గరకు తీసుకోవాలనిపించింది. తీసుకోలేదు. ఇప్పుడు ఓదారిస్తే ఇంకేదో చెప్పాల్సి వస్తుంది. ఆ చెప్పాల్సింది ఏమిటో తనకే ఇంకా నోటికి రావడం లేదు. "నువ్వు ఇంటికి పో తల్లీ, అమ్మ ఒక్కతే ఉండాది," అని ఆటో ఎక్కించి, తను స్టేషన్ వైపు కారు తిప్పింది.

హర్షిణి తిన్నగా ఇంటికి పోలేదు. దారిలో తను పాఠాలు చెప్పే కాలేజీలో రెండు క్లాసులు ముగించి పోవాలనుకుంది. ఈ ముక్క శివలీలకు తర్వాత గానీ తెలియలేదు.

*

"రాండి బ్రేకు మేడం. కందకు లేని దురద కత్తిపీటకు ఏంటికో!" అన్నాడు సీఐ జయరాజ్, కుర్చీలోంచి లేవకుండానే. అప్పుడు సమయం ఒకటిన్నర.

జయరాజ్‌కు యాభై రెండు. శివలీల ఉద్యోగంలో ఉన్న రోజుల్లో రెండు కేసుల్లో ఆమె రిపోర్టు ఆయన రిపోర్టును కాళ్ళు విరగ్గొట్టి కూర్చోబెట్టింది. అది ఆయన మరిచిపోలేదు. ఆమె మరిచిపోనివ్వలేదు.

"కేసు తేటతెల్లంగా ఉండాది," అన్నాడాయన, వేళ్ళు మడుస్తూ. "షెడ్డు స్థలం కంబన్నది. ఖాళీ చేయమన్నాడు. పది మంది ముందర మెకానిక్ తిరగబడినాడు, 'నీ సంగతి చూస్తా' అన్నాడు. బండి వీని చేతిలో ఉండె. ఆరు గంటలప్పుడు యాడున్నావురా అంటే నంబరు ప్లేటు అంగడి కాడ అంటాడు. ఆ అంగడేమో నిన్న తియ్యనేల్యా. ఇంక, కంబన్న కొడుకు అవినాష్ సాక్ష్యం. ఆరూ పద్దెనిమిదికి తండ్రి వానితో ఫోన్లో మాట్లాడతాండాడు. ఎనక బండి చప్పుడు. కంబన్న చివరి మాట, 'రేయ్, నువ్వా!' తెలిసినోడే. చిన్నోడే. ఇంకేం కావల్ల?"

"కంబన్న ఈ అబ్బాయిని ఎప్పుడైనా రేయ్ అన్నాడా?"

"అనక?"

లాకప్ ముందు బెంచీ మీద తలొంచుకొని కూర్చున్న ఉమామహేశ్ తలెత్తాడు. ఒక కన్ను వాచి ఉంది. "లేదు మేడం. కొట్లాడుకున్న దినం గూడ 'ఏమప్పా మెకానిక్' అనే పిలిచినాడు. ఆయన ఎవురినీ రేయ్ అనడు."

"రేయ్ అని చిన్నోళ్ళనే అనరు సార్," అంది శివలీల. "ఒకే కంచంలో తిన్న ఈడువాళ్ళనూ అంటారు. సరే, అది పక్కన పెట్టండి. మీ ముద్దాయిని ఒక్క నిమిషం నాకివ్వండి. మీ ఎదురుగానే."

ఆమె ఉమామహేశ్‌ను చెక్క కుర్చీ తిరగేసి వీపుభాగం ముందుకు పెట్టి, బండి మీద కూర్చున్నట్టు కూర్చోమంది. కళ్ళు మూసుకొమ్మంది. చేతులు హ్యాండిల్ పట్టుకున్నట్టు పెట్టించింది.

"నిన్ను ఏం అడిగినా కండ్లు తెరవొద్దు. పూజ ఎప్పుడు చేసినావప్పా?"

"నిన్న పొద్దున మేడం. తొమ్మిదికి."

"పసుపు కుంకుమ యాడ యాడ పెట్టినావు?"

"ట్యాంకు మీద, లైటుకు, చక్రాలకు. గేరు రాడ్డుకు, బ్రేకు పెడలుకు గూడ. మా నాయన అట్లనే పెడ్తాండె. తొక్కేది గూడ దేవుడే అని."

"తర్వాత కదిలిచ్చినావా?"

"లేదు మేడం. గురువారం అక్క ఎక్కి నిమ్మకాయలు తొక్కిచ్చల్ల గదా, అంతవరకు..."

"బస్సూ!" అని అరిచి, శివలీల లాఠీ తీసి బల్ల మీద ఫెడీమని కొట్టింది.

గది అంతా ఉలిక్కిపడింది. ఉమామహేశ్ కుడికాలు నేలను ఒక్క తొక్కు తొక్కింది.

"చూసినారా సార్? కుడికాలు. ఇతను పుట్టింది తొంభై ఆరులో. ఇప్పటి బండ్ల మీద నేర్చుకున్నాడు. ఎన్ని పాత బుల్లెట్లు బాగుచేసినా ప్రాణం మీదికి వస్తే కాలు మొదట నేర్చుకున్నదే తొక్కుతుంది. నిన్నటి బండికి బ్రేకు కుడి పక్కనే ఉండాది. ఇతను నడిపింటే పెడలు మీద కుంకుమ చెరిగుండల్ల. చెరగల్యా. ఆ బండి నడిపినోడు దానిని ముట్టనేల్యా. గేరు ఎడమకు మారిందని చూసుకొని వేసుకున్యాడు, దారి పొడుగునా చేతి బ్రేకుతో నెట్టుకొచ్చినాడు. మలుపు కాడ పాత బుల్లెట్ల అలవాటుతో ఎడమకాలితో తొక్కినాడు. ఎడమకాలి కింద బ్రేకు ల్యా, గేరు ఉండాది. తొక్కితే టాపు గేరు పడింది. పల్లంలోకి పోయినాడు. పొద్దునే మీ ఆంజనేయకు చూపిచ్చి, ఫోటో తీయించి వచ్చినా."

జయరాజ్ నవ్వాడు గానీ ఆ నవ్వు మీసం దాటి రాలేదు. ఎందుకంటే ఆయన చూపు తన కాళ్ళ మీద పడింది. శివలీల చూపూ అక్కడే ఉంది. బల్ల కింద సీఐగారి బూటు, ఎడమది, నేలకు గట్టిగా నొక్కుకొని ఉంది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన గబుక్కున కాలు వెనక్కి లాక్కున్నాడు. "నేను ఎస్సైగా చేరినప్పుడు పాత బుల్లెట్టే ఇచ్చినారు మేడం. పన్నెండేండ్లు తొక్కినా. అయితే ఏమంటారు? జిల్లాలో నా ఈడు ముసలోళ్ళందరినీ లాకప్‌లో ఏయల్లా?"

"అందర్నీ వద్దు. ఆ బండిని తుంటికి ఆనించి, ఎడమకు వంచి, ఒక్క తన్నుతో లేపేటోడు ఎవురో వాడు చాలు." గిడ్డమ్మ చెప్పింది, హర్షిణి చెప్పింది వరసగా చెప్పింది. నిమ్మకాయల సంగతీ, రెండు హారన్ల సంగతీ చెప్పింది. వింటున్న రైటరు పెన్ను కింద పెట్టి, తెలియకుండానే మెడలోని తాయెత్తు తడుముకున్నాడు.

"అంటే ఏంది మేడం," అన్నాడు జయరాజ్, గొంతు తగ్గించి. "నరసింహ లేసొచ్చినాడంటారా? పూడ్చింది నేను చూసినా. పత్తికొండలో, వాళ్ళ చేన్లో సమాధి ఉండాది. అప్పుడు పంచనామా రాసింది గూడ నేనే."

"తెలుసు. అందుకే మీ దగ్గరికి వచ్చినా. ఆ ఫైలు తెప్పిస్తారా? అది వచ్చేలోపల ఈ అబ్బాయి ఫోన్ తెరవండి, మీరు సీజ్ చేసిందే. ఫిబ్రవరి ఫోటోలు చూడల్ల."

ఉమామహేశ్‌కు ఒక అలవాటుంది. ఏ బండి చేతికొచ్చినా విప్పకముందు నాలుగు పక్కలా ఫోటోలు తీసి పెట్టుకుంటాడు, తర్వాత ఏ బోల్టు ఎక్కడిదో మరిచిపోకుండా. ఫిబ్రవరి తొమ్మిదో తేదీ ఫోటోలు పద్నాలుగు ఉన్నాయి. తుప్పు, బూజు, టమాటా బాక్సు చెక్కలు. ఏడో ఫోటో దగ్గర శివలీల వేలు ఆగింది.

"ఇది చెప్పు ఉమామహేశ్."

"ఇది కుడి పక్క మేడం. పాత గేరు రాడ్డు. ఈ గేరు రాడ్డు కిందికి వంగిపోయుండె. గేర్‌బాక్సు తెరిస్తే టాపు గేర్లోనే పట్టేసుండె. పడినప్పుడు ఎట్ల పడిందో అట్లనే ఇరవై ఏండ్లు. ఎడమ పక్క బ్రేకు పెడలు మాత్రం బాగుండె. దాన్ని విప్పి, కడిగి పక్కన పెట్టినా."

శివలీల ఫోన్‌ను జయరాజ్ ముందుకు తోసింది. తోసి, కుర్చీలో వెనక్కి ఆనుకుంది. ఆమెకు సంతోషంగా లేదు. రుజువు దొరికినప్పుడల్లా వచ్చే ఉత్సాహం ఈసారి రాలేదు.

"అప్పటి బండికి బ్రేకు ఎడమకు, గేరు కుడికి. అంతే గదా సార్? ఆ రోజు ఆ మలుపులో పడినోడు ఆగాలనుకొని ఏ కాలు తొక్కినాడు?"

జయరాజ్ ఫోటో చూశాడు. మళ్ళీ చూశాడు.

"కుడికాలు," అన్నాడు చివరికి.

"బ్రేకనుకొని గేరు తొక్కినాడు. పదిహేనేండ్లు ఆ బండి మీద దేశం తిరిగిన నరసింహ ఆ తప్పు చేస్తాడా? కలలో గూడ చేయడు. కొత్త బండ్లకు అలవాటు పడి, ఆ బండి ఎన్నడూ ఎక్కనోడు మాత్రమే చేస్తాడు. ఇరవై ఒక్క ఏండ్ల కింద, తెలియనోని కుడికాలు. నిన్న, తెలిసినోని ఎడమకాలు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఈ బుద్ధి సమాధి కట్టినా పోలేదు సార్, ఎందుకంటే ఆ సమాధిలో ఉండేది దాని సొంతగాడు కాదు."

తిరిగి బెంచీ మీద కూర్చున్న ఉమామహేశ్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఎనిమిది నెలలు తను ప్రేమగా తుడిచి, నూనె పోసి లేపింది ఎవరి బండినో అతనికి అప్పుడు అర్థమైంది.

"అయితే సమాధిలో ఎవురు?" అన్నాడు జయరాజ్.

"అది తవ్వితే తెలుస్తుంది. ముందు, మీరు ఎవురి మాట మీద అది నరసింహ శవం అని రాసినారో చెప్పండి."

*

ఫైలు వచ్చేసరికి రెండూ నలభై. దుమ్ము దులిపి, ట్యాగు విప్పి, జయరాజ్ తన పాత దస్తూరీని తనే వేలు పెట్టి చదివాడు. అప్పటి ఎస్సైగారి అక్షరాలు గుండ్రంగా, నమ్మకంగా ఉన్నాయి. ముఖం రాళ్ళకు కొట్టుకొని ఆనవాలు చిక్కనందున, చొక్కా, చేతి గడియారం, ఉంగరం ఆధారంగా మృతుడు నరసింహ అని గుర్తించినవారు ఇద్దరు. మొదటివాడు, మృతునితో కలిసి దేశం తిరిగిన స్నేహితుడు కంబన్న.

"రేయ్, నువ్వా," అంది శివలీల, దాదాపు తనలో తానే. "ఆ మాట మెకానిక్‌తో అన్నది కాదు సార్. నువ్వు మళ్ళీ ఏంటికి వచ్చినావురా అని అన్నది. హర్షిణి బండి వీడియో తీసి నెట్లో పెట్టింది, షెడ్డు బోర్డుతో సహా. దేశంలో యాడో కూర్చున్నోడు తన బండి లేచిందని చూసినాడు. వచ్చినాడు. బండి లేస్తే ఇలాంటి ఫోటోలు లేస్తాయి, పాత అబద్ధం లేస్తుంది. ఆ అబద్ధం తెలిసినోళ్ళు ఇద్దరు. ఒకరు నిన్న పోయినారు."

"రెండో ఆమె..." అని జయరాజ్ కాగితం తిప్పాడు.

శివలీల ఫోన్ మోగింది. హర్షిణి. ఊపిరి అందక మాట్లాడుతోంది.

"మేడం, అమ్మ ఇంట్లో ల్యా. నేను ఇప్పుడే వచ్చినా కాలేజీ నుంచి. తలుపు తీసి ఉండాది. పెట్టెలో పట్టుచీర ల్యా."

"పక్కన ఎవురినైనా అడిగినావా?"

"పక్కింటి రత్నమణి అక్క చెప్తాంది. రెండు గంటలప్పుడు గేటు కాడ కారు ఆగిందంట. హారన్ రెండు సార్లు కొట్టినారంట. ఎవురో పెద్దాయన, ఎడమకాలు కుంటుకుంటా దిగి లోపలికి పోయినాడంట. కాసేపటికి అమ్మ ఆయప్ప ఎనకాల నడిచి వచ్చి కారెక్కిందంట. ఏడవడం గానీ, అరవడం గానీ ల్యా. నవ్వుతాండె అంటాంది మేడం. అమ్మ నవ్వుతాండెనంట."

శివలీల అప్పటికే లేచి నిలబడింది. "నువ్వు ఇంట్లోంచి బయటికి రా. రత్నమణి ఇంట్లో కూర్చో. లోపల ఏమీ ముట్టొద్దు."

"మేడం, ఇంకోటి." హర్షిణి గొంతు చిన్నపిల్ల గొంతు అయిపోయింది. "అద్దం ముందర కుంకుమ భరిణె మూత తీసి ఉండాది. నాన్న పోయినప్పటి నుంచి అది తీయనేల్యా అమ్మ. అద్దం మీద వేలు తుడుచుకున్న గుర్తు ఉండాది, ఎర్రగా. భరిణె పక్కన రెండు నిమ్మకాయలు పెట్టినారు. పసుపు పూసినవి."

జయరాజ్ జీపు తాళాల కోసం అరుస్తున్నాడు. రైటరు వైర్‌లెస్ అందుకున్నాడు. ఉమామహేశ్ బేడీ వేయని చేతులతో బెంచీ అంచు పట్టుకొని లేచి నిలబడ్డాడు. ఎవరూ అతన్ని కూర్చోమనలేదు.

శివలీల చూపు మాత్రం బల్ల మీద తెరిచి ఉన్న పాత కాగితం మీదే ఉంది. కంబన్న సంతకం కింద, ఇరవై ఒక్క ఏళ్ళకు వెలిసిపోయిన ఊదా సిరాతో, ఒక ఆడమనిషి బొటనవేలి ముద్ర. దాని పక్కన ఎస్సైగారి గుండ్రటి అక్షరాలు: 'లక్ష్మీదేవమ్మ, మృతుని భార్య, ఇది నా భర్త శవమేనని చెప్పినది.'